మూతపడిన కర్మాగారం, బతికున్న కార్లు

2017 అక్టోబర్ 20న దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎలిజబెత్‌లో హోల్డెన్ కర్మాగారం తన చివరి కారును బయటికి పంపి తలుపులు మూసుకుంది. అప్పటికి మిగిలిన పనివారు తొమ్మిది వందల పైచిలుకు. ఏడాది ముందు ఫోర్డ్, అదే నెల మొదట్లో టయోటా తమ కర్మాగారాలను మూసేశాయి. 1856లో అడిలైడ్‌లో గుర్రపు జీన్లు కుట్టే వ్యాపారంగా మొదలై, 1948లో తన పేరుతో తొలి కారును విడుదల చేసిన సంస్థ చరిత్రలో ఆ విధంగా ఒక ఘట్టం ముగిసింది. 2020 ఫిబ్రవరిలో జనరల్ మోటార్స్ ఆ పేరును కూడా విరమించుకుంటున్నట్టు ప్రకటించింది. అయితే అమ్ముడైన కార్లకు కనీసం పదేళ్ళు విడిభాగాలు, సర్వీసు అందిస్తామని మాట ఇచ్చింది.

ఎలిజబెత్‌కు, అడిలైడ్ నగరానికి దాదాపు మధ్యలో ఉంది మాసన్ లేక్స్. అంటార్కిటికా అన్వేషకుడు, భూగర్భ శాస్త్రవేత్త డగ్లస్ మాసన్ పేరు పెట్టుకున్న శివారు ఇది. విశ్వవిద్యాలయ ప్రాంగణం, కృత్రిమ సరస్సులు, వాటి చుట్టూ ఇళ్ళు. ఇలాంటి చోట ఇంటి షెడ్డులో ఒక పాత వి-8 కమొడోర్‌ను నడిచే స్థితిలో ఉంచాలంటే ఏం చేయాలి? దాని సామర్థ్యాన్ని పెంచాలనుకుంటే ఏ పని ముందు, ఏది తరువాత?

మొదట తెలుసుకోవలసింది ఆ కారు పుట్టుక. 2006లో వచ్చిన వీఈ కమొడోర్ ఎస్ఎస్‌లో 6 లీటర్ల, 270 కిలోవాట్ల వి-8 ఇంజను ఉంది. 2015 నాటి వీఎఫ్ రెండవ శ్రేణిలో అది 6.2 లీటర్లకు, 304 కిలోవాట్లకు పెరిగింది. ఈ ఇంజన్లు అమెరికాలో రూపొందిన ఎల్ఎస్ కుటుంబానికి చెందినవి. కార్వెట్ నుంచి పికప్ ట్రక్కుల దాకా ఎన్నో వాహనాలలో వాటి సోదరులున్నాయి. కాబట్టి పిస్టన్లు, వాల్వ్ స్ప్రింగులు, గాస్కెట్లు ప్రపంచంలో ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటాయి. ఆస్ట్రేలియా కోసమే చేసిన తలుపులు, దీపాలు, డాష్‌బోర్డు ముక్కలు, ఎలక్ట్రానిక్ పెట్టెల సంగతి వేరు. అందుచేత ఎక్కువ జాగ్రత్త అవసరమైనది పైకి మామూలుగా కనిపించే భాగాలకే. ఇంజను పాడైతే మరొకటి తేవచ్చు. ఎండకు పగిలిన డాష్‌బోర్డుకు బదులు మంచిది దొరకడమే కష్టం. నీడన నిలపడం, తుప్పును మొదట్లోనే గీకి రంగు వేయడం, కూలిన మరో కమొడోర్ నుంచి పనికొచ్చే ముక్కలను ఇప్పుడే సేకరించి దాచుకోవడం ఈ కార్లకు చేయగల అసలైన సేవ.

తరువాతిది వయసు వల్ల వచ్చే అరుగుదల. పాత కారులో లోహం కన్నా ముందు రబ్బరు, ద్రవాలు చెడతాయి. 2019 జనవరి 24న అడిలైడ్‌లో ఉష్ణోగ్రత 46.6 డిగ్రీలకు చేరింది. అలాంటి రోజున బోనెట్ కింద వేడి ఇంకెంతో ఎక్కువ. వేడికి గొట్టాలు గట్టిపడి పగులుతాయి. కూలెంటులోని తుప్పు నిరోధకాలు కాలక్రమాన ఖర్చయిపోయి, అల్యూమినియం భాగాలు లోపలినుంచి తినివేతకు గురవుతాయి. కారు ఎంత తక్కువ తిరిగినా ఈ మార్పులు ఆగవు. ఓడోమీటరుతో పాటు క్యాలెండరును కూడా చూసి ద్రవాలు మార్చాలనడానికి కారణం ఇదే.

బ్రేకు ద్రవం దీనికి మంచి ఉదాహరణ. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదని ప్రమాణం, 3.7 శాతం నీరు చేరినప్పుడు ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. 1,750 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగేటప్పుడు బ్రేకులలో పుట్టే వేడి, రెండు లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి సరిపోతుంది. కొండ దిగుతూ పదేపదే బ్రేకు వేస్తే పాత ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడలు నేలకంటుతుంది, కారు మాత్రం ఆగదు.

ఇక సామర్థ్యం పెంచడం. గాలి పీల్చే మార్గం, ఎగ్జాస్టు, కంప్యూటర్ ట్యూనింగ్ మార్చి కిలోవాట్లు పెంచడం చాలామందికి మొదటి కోరిక. కానీ వేగంతో పాటు గతిశక్తి వర్గరీతిన పెరుగుతుంది: గంటకు 60 కిలోమీటర్ల కంటే 100 వద్ద అది దాదాపు 2.8 రెట్లు. అరిగిన బుష్‌లు, పాత టైర్లు, తేమ పట్టిన బ్రేకు ద్రవం ఉన్న కారుకు శక్తి పెంచడం ముసలి బండికి కొత్త కోడెలను కట్టడమే. అందుకే వరుస ఇలా ఉండాలి: ముందు ఉన్నదానిని యథాస్థితికి తేవాలి, తరువాత బ్రేకులు, టైర్లు, ఆపైన సస్పెన్షన్, చల్లబరిచే వ్యవస్థ, చిట్టచివర ఇంజను. చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆశ్చర్యపోతారు. కొత్త బుష్‌లు, షాకబ్జార్బర్లు వేయగానే తాము కోరుకున్న కారు వాళ్ళకు దొరికిపోతుంది. అదీగాక, పెద్ద మార్పులకు ప్రభుత్వ అనుమతి కావాలి, బీమా సంస్థకు తెలపాలి. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం నాడు బయటపడితే పరిహారం చేజారవచ్చు.

లోపాన్ని పసిగట్టడంలోనూ తొందర పనికిరాదు. స్కానరు చూపే సంకేతం రోగలక్షణం వంటిది, రోగ నిర్ణయం కాదు. మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని సంకేతం వస్తే ఆక్సిజన్ సెన్సర్ మార్చేసేవారున్నారు. తరచు అసలు కారణం పగిలిన చిన్న రబ్బరు గొట్టం గుండా దొంగతనంగా చేరుతున్న గాలి. సెన్సర్ నిజమే చెప్పింది, దానిని చదివినవారే పొరబడ్డారు.

ఇంటి పనిలో మనిషి శరీరాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఇవన్నీ వృథా. జాకీ కారును ఎత్తడానికి మాత్రమే. మోయడానికి స్టాండ్లు కావాలి. గట్టి, సమతలమైన నేల మీద, చక్రాలకు అడ్డు పెట్టి, బరువుకు తగిన స్టాండ్లపై కారును దించి, తోసి చూసిన తరువాతే కిందికి దూరాలి. ఛాతీపై బరువు పడితే పక్కటెముకలు విరగకపోయినా ఊపిరి ఆడక నిమిషాలలో ప్రాణం పోతుంది. మూసిన షెడ్డులో ఇంజను నడపడం మరో ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు; హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారంతో మొదలై, ప్రమాదం అర్థమయ్యేసరికి లేచి నడిచే శక్తి ఉండదు. ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న కూలెంటు తియ్యగా ఉంటుంది కనుక పిల్లలకు, కుక్కలకు అందనీయకూడదు. కాలేయం దానిని ఆమ్లాలుగా మారుస్తుంది, వాటిలోని ఆక్సలేటు స్ఫటికాలై మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఎవరైనా తాగారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఆస్ట్రేలియాలో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది 2003 డిసెంబర్ 31న; అంతకు ముందరి బ్రేకులలో అది ఉండవచ్చు. ఆ దుమ్మును గాలితో ఊదకూడదు, పొడి బ్రష్షుతో దులపకూడదు. అది కలిగించే ఊపిరితిత్తుల పొర క్యాన్సర్ ముప్ఫై, నలభై ఏళ్ళ తరువాత కూడా బయటపడగలదు.

మాసన్ లేక్స్ విషయంలో ఇంకొక మాట. ఇక్కడి ఇళ్ళకు ఊదారంగు గొట్టాలలో పునర్వినియోగ నీరు అందుతుంది. బొలివార్‌లో శుద్ధిచేసిన మురుగునీటితో పాటు, సాలిస్‌బరీ పరిధిలో పట్టి శుభ్రపరిచిన వాననీరు కూడా అందులో కలుస్తుంది. వాననీటి కాలువలో ఎవరైనా ఒంపిన పాత ఇంజనాయిలు ఎక్కడికో దూరానికి పోదు, ఊరి నీటిలోకే చేరుతుంది. వాడిన నూనెను డబ్బాలో పట్టి సేకరణ కేంద్రానికి ఇవ్వడం ఇక్కడ ఇరుగుపొరుగు మర్యాద కూడా.

ముప్ఫై ఏళ్ళు నిండిన వాహనాలకు దక్షిణ ఆస్ట్రేలియాలో చారిత్రక వాహనాలుగా షరతులతో కూడిన తక్కువ రుసుము నమోదు ఉంది. పుస్తకంలో రాసుకుంటూ ఏడాదికి 90 రోజుల వరకు నడపవచ్చు. 1978 నాటి తొలి కమొడోర్ ఆ వయసు ఎన్నడో దాటింది. 2006 నాటి వీఈకి ఆ అర్హత 2036లో వస్తుంది. సంస్థ విడిభాగాలకు ఇచ్చిన కనీస హామీ మాత్రం 2030తో తీరుతుంది. ఆ నడిమి ఆరేళ్ళలో ఈ కార్లు పాతవే కాని పురాతనమైనవి కావు. అమ్మితే ధర రాదు, నడిపితే ఖర్చు తప్పదు. ఎక్కువ కార్లు తుక్కుకు చేరేది ఇలాంటి కాలంలోనే. ఎలిజబెత్ పనివారి చేతిపని ఎంతవరకు మిగులుతుందన్నది ఆ ఆరేళ్ళూ ఇళ్ళ షెడ్లలో జరిగే ఓపికైన పని మీద ఆధారపడి ఉంది.