మూడు యాప్‌లు, ఒకే లెక్క

బస్సు టికెట్లకి మూడు యాప్‌లంటున్నావు కదే అమ్మడూ: ప్రయాణికులకొకటి, కండక్టరుకొకటి, డిపో ఆఫీసుకొకటి. ఛార్జీ లెక్కగట్టే కోడ్ మాత్రం మూడింటికీ ఒకటే. దాన్ని ఎక్కడ పెట్టాలనేగా మీ తగువు?

మూడుచోట్లా కాపీ పెట్టారో, మీ అమ్మమ్మ ఆవకాయ సంగతే. సీసాలు ఊళ్ళకెళ్ళిపోయాక ఇక్కడ జాడీలో ఉప్పు సరిచేస్తే అక్కడి ముక్కకేం తెలుస్తుంది? అర టికెట్టు లెక్కలో తప్పు ప్రయాణికుల యాప్‌లో దిద్దుతారు, కండక్టరు చేతిలో అలాగే ఉండిపోతుంది. ఇక బస్సులో రెండు రూపాయల దగ్గర రగడ.

గిట్‌లో సబ్‌మాడ్యూల్ అనే ఏర్పాటుంది. అందులో ఉమ్మడి కోడ్ నీ రెపోలోకి రాదు, ఫలానా కమిట్ అన్న గుర్తొక్కటే ఉంటుంది. అందుకే మామూలుగా క్లోన్ చేస్తే ఆ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళు అక్కడే బెంబేలెత్తుతారు. నాకెప్పుడూ నచ్చలేదది.

హాయిగా అన్నీ ఒకే రెపోలో వేరువేరు ఫోల్డర్లుగా పెట్టండి. ఛార్జీ ఫంక్షన్ మార్చినప్పుడు, దాన్ని వాడుకునే మూడుచోట్లా అదే కమిట్‌లో మార్చేయొచ్చు. ఎక్కడైనా చెడితే టెస్టులు అప్పటికప్పుడే పట్టేస్తాయి.

గూగుల్‌వాళ్ళదీ ఈ దారే. 2015 జనవరి నాటికి ఒక్క రెపోలో సుమారు 200 కోట్ల లైన్లు, 86 టెరాబైట్లు! అంత బరువు గిట్ మొయ్యదులే, వాళ్ళు పైపర్ అని సొంతంగా కట్టుకున్నారు. మైక్రోసాఫ్ట్ విండోస్‌ని గిట్‌లోకి తెచ్చినప్పుడు దాదాపు 35 లక్షల ఫైళ్ళు, 300 జీబీ. తెరిచిన ఫైలే దిగేలా వేరే ఏర్పాటు రాసుకోవాల్సొచ్చింది. ఆండ్రాయిడ్‌ది ఎదురు దారి: వందల రెపోలు, ఏది ఎక్కడుండాలో చెప్పే జాబితా ఫైలొకటి. మీ మూడు యాప్‌లకి ఈ తంటాలేవీ లేవు.

ఒకే రెపో అంటే మూడూ ఒకేరోజు విడుదల చెయ్యాలని కాదు సుమా. మీ మేనేజరు అలా అనుకుంటున్నాడేమో, కనుక్కో.

పేచీ ఒకటుంది. డిపో యాప్ బయటి కంపెనీ రాస్తుందన్నావుగా? గిట్‌లో చదివే అనుమతి రెపో మొత్తానికే, ఫోల్డరుకి విడిగా ఉండదు. కాబట్టి ఆ ఒక్కటీ వేరే రెపోలో ఉంచి, ఛార్జీ కోడ్‌ని వెర్షన్ నంబరేసి ప్యాకేజీగా ఇవ్వండి. వాళ్ళు పాత వెర్షన్ మీదే కూర్చోకుండా వెంటపడే మనిషెవరో మాత్రం ఇప్పుడే తేల్చుకోండి.