జావా తెర మీద మన రాముడు

పై చదువులకు విదేశం వెళ్ళే పిల్లలకు ఆవకాయ జాడీ కట్టి ఇస్తాం గాని, “అక్కడి ఆటా పాటా చూసి రండి” అని చెప్పేవాళ్ళం తక్కువ.

నా దగ్గర తెలుగు చదువుకున్న అమ్మాయి ఒకతె జావాలోని యోగ్యకర్తకు వెళ్ళింది. 1974లో ఇండొనీషియా ప్రభుత్వం ప్రారంభించిన ‘దర్మసిస్వ’ ఉపకారవేతనం మీద విదేశీ విద్యార్థులు అక్కడి భాషా, కళలూ నేర్చుకుంటారు. మొదటి నెలంతా ఈ పిల్లకు గదీ, క్లాసూ తప్ప మరో లోకం లేదు. ఒక రాత్రి ఇంటి యజమానురాలు ‘వాయాంగ్ కులిత్’కు వెంటబెట్టుకు వెళ్ళింది.

గేదెతోలు బొమ్మలు, తెల్లని తెర, దీపం. తెరకు ఒక పక్క నీడలు, రెండో పక్క రంగుల బొమ్మలు. జనం ఎటైనా కూర్చుని చూడవచ్చు. ‘దలాంగ్’ ఒక్కడే అన్ని పాత్రలకూ గొంతు మారుస్తూ, గామెలాన్ వాద్యాలను నడిపిస్తూ తెల్లవార్లూ ఆడిస్తాడు. మన రామాయణ భారతాలే! నడుమ సెమార్ అనే పొట్టి పరిచారకుడు నవ్విస్తూనే నీతి చెబుతాడు. 2003లో యునెస్కో ఈ కళను గుర్తించింది.

“మీ ఊళ్ళో ఈ కథ ఎట్లా ఆడతారమ్మా?” అని అడిగిందట ఆ పెద్దావిడ.

“నాకు నోట మాట రాలేదు, మాస్టారూ!” అంది అమ్మాయి, సెలవులకు వచ్చినప్పుడు.

జుట్టు పోలిగాడు, బంగారక్క పేర్లు క్లాసులో చెప్పింది నేనే. ఆట చూపించనిదీ నేనే. అందుకే ఈసారి పిల్లలందరితో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటకు, బొమ్మలు చేసేవారి ముంగిటికే బయలుదేరుతున్నాం.