పసివారి కీళ్ళవాపు: అశ్రద్ధ తగదు

కీళ్ళవాతం వయసు మళ్ళినవారి జబ్బని చాలామంది తలుస్తారు. అందుచేతనే పసిబిడ్డ ఉదయం కుంటుతూ నడిచినా ‘ఎక్కడో పడి ఉంటుంది’ అని ఊరుకుంటారు. పదహారేళ్ళలోపు ఏ వయసువారికైనా కీళ్ళవాపు వ్యాధి రావచ్చును. 1897లో జార్జి ఫ్రెడరిక్ స్టిల్ అనే ఆంగ్ల వైద్యుడు ఇటువంటి 22 మంది పిల్లల వ్యాధిని వివరంగా వర్ణించాడు. నేటి వైద్యులు దీనిని జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటున్నారు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి దారితప్పి, కీలు లోపలి పొరకు వాపు కలిగించటమే ఈ వ్యాధి స్వభావం.

గుర్తించటం ఎలా?

ప్రొద్దుట లేవగానే కీళ్ళు బిగుసుకొని ఉండి, కొంతసేపు తిరుగాడిన పిదప సడలటం ముఖ్య లక్షణం. మోకాలు, చీలమండ, మణికట్టు వాచి, తాకితే వెచ్చగా ఉంటాయి. చిన్నబిడ్డలు నొప్పి అని చెప్పలేరు. నడక నేర్చినవారు మళ్ళీ ఎత్తుకోమని మారాము చేస్తారు. కొందరికి ప్రతిదినమూ ఎక్కువ జ్వరం వచ్చి తగ్గుతూ, ఒంటిమీద దద్దు కనిపించి మాయమవుతుంది.

ఎదిగే పిల్లల మామూలు కాళ్ళనొప్పులు వేరు. అవి సాయంత్రమో రాత్రో రెండు కాళ్ళలోనూ వచ్చి, తెల్లవారేసరికి పోతాయి. కీలు వాచదు.

వాపు ఆరు వారాలు నిలిచి, మరే కారణమూ కనబడనప్పుడు ఈ వ్యాధిగా నిర్ణయిస్తారు. అంతవరకు ఇంట్లోనే వేచి ఉండమని దీని అర్థం కాదు. ఒక కీలు హఠాత్తుగా వాచి, జ్వరంతో బిడ్డ దానిని కదపలేకపోతే లోపల చీము చేరి ఉండవచ్చును. ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోవాలి. క్షయ, రుమాటిక్ జ్వరం, రక్త క్యాన్సరు కూడా కీళ్ళనొప్పులతో బయటపడవచ్చును. రుమటాయిడ్ ఫ్యాక్టర్ పరీక్షలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన నిశ్చింత తగదు. ఈ వ్యాధి ఉన్న పిల్లలలో ఎక్కువమందికి ఆ పరీక్ష అలాగే వస్తుంది.

కళ్ళ మాట మరువరాదు

కొందరు పిల్లలకు కంటిలోపల కూడా వాపు వస్తుంది. ఎరుపు గాని నొప్పి గాని లేకుండానే అది చూపును హరించగలదు. కనుక వ్యాధి తెలిసిన వెంటనే నేత్రవైద్యునిచే స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించాలి. ప్రమాదం హెచ్చుగా ఉన్నవారికి మూడు నెలలకొకసారి అవసరం.

ఆయుర్వేద దృష్టి

మాధవనిదానం ఆమవాతాన్ని ప్రత్యేక వ్యాధిగా వర్ణించింది. జఠరాగ్ని మందగించినప్పుడు పుట్టిన ఆమం వాతంతో కూడి కీళ్ళలో చేరి వాపు, బిగువు కలిగిస్తుందని దాని భావం. లక్షణాలలో పోలిక ఉన్నా రెండూ అన్నివిధాలా ఒకటేనని చెప్పరాదు. ఆమం ఉన్న దశలో నూనె మర్దనం కూడదనీ, పొడి కాపడమే మేలనీ ఆయుర్వేదం చెబుతున్నది. వాచిన కీలును నూనెతో గట్టిగా తోమే అలవాటు మానుకోవాలి. ఉదయం గోరువెచ్చని నీటిస్నానం, వెచ్చని ఇసుక మూటతో కాపడం బిగువును సడలిస్తాయి. మూట వేడిని పెద్దవారు ముందు తమ చేతిపై చూసుకోవాలి. కీలు ఎర్రబడి కాలుతున్నప్పుడు కాపడం వద్దు. పెద్దలకు చెప్పిన లంఘనం ఎదిగే పిల్లలకు పనికిరాదు. పాలు, పప్పు, రాగిజావ, గ్రుడ్డు మాన్పించరాదు.

చికిత్స

ఇంటి ఉపచారం ఉపశమనాన్నే ఇస్తుంది. కీలు అరగకుండా ఆపలేదు. వైద్యులు మొదట ఐబుప్రొఫెన్, నాప్రొక్సెన్ వంటివి గాని, కీలులో స్టెరాయిడ్ సూది గాని ఇస్తారు. చాలామందికి మెథోట్రెక్సేట్ అవసరమవుతుంది. అది వారానికి ఒక్కసారే వాడవలసిన మందు. పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. రక్తపరీక్షలు తప్పనిసరి. దానికి లొంగనప్పుడు ఎటనర్సెప్ట్, అడాలిముమాబ్ వంటి సూదిమందులున్నాయి. ముందుగా క్షయ లేదని తేల్చుకోవాలి. ఆయుర్వేద ఔషధమేదైనా ఇస్తుంటే వైద్యునికి తెలపాలి. పేరు తెలియని పొడులు, వాతలు పెట్టించటం వద్దే వద్దు.

బిడ్డను మంచానికి పరిమితం చేయరాదు. ఈత, నడక, ఫిజియోథెరపీ కీళ్ళను వంకరపోకుండా కాపాడతాయి. సకాలంలో చికిత్స అందితే ఎందరో పిల్లలు తోటివారితో సమానంగా ఆడి పాడగలరు. నొప్పి తగ్గిందని మందు మాత్రం మీరుగా మాన్పించకండి.