తార్నాక పరిశోధన.. ఆసియా వేదిక
వైద్య కళాశాల దూరమైనా తెగని ఉస్మానియా బంధం

తార్నాక: అంతర్జాతీయ ఆరోగ్య సదస్సుల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పాల్గొంటోందనగానే చాలామందికి ఒక సందేహం కలుగుతుంది. వైద్య కళాశాల తన పరిధిలో లేని విశ్వవిద్యాలయానికి అక్కడ పనేమిటన్నదే ఆ సందేహం. సమాధానం కోసం ఎంతో దూరం వెళ్లనక్కర్లేదు. ప్రాంగణాన్ని ఆనుకొనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చరిత్ర చూస్తే చాలు.

విశ్వవిద్యాలయం, ఈ సంస్థ 1918లోనే పుట్టాయి. నిజాం ఫర్మానాతో ఉస్మానియా ఇక్కడ ఏర్పడగా, బెరిబెరి వ్యాధిపై పరిశోధనకు రాబర్ట్ మెకారిసన్ కూనూరులో ఒక చిన్న గదిలో ప్రయోగశాల ప్రారంభించారు. అది 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1969లో ప్రస్తుత పేరు స్థిరపడింది.

జొన్నకూడుతో జబ్బు
నగరానికి వచ్చిన శాస్త్రవేత్తల దృష్టి ఉస్మానియా ఆసుపత్రికి వస్తున్న పేద రోగులపై పడింది. ఎండ తగిలే మెడ, ముంజేతులు, పాదాలపై చర్మం నల్లబడి పొలుసులు లేచేది. విరేచనాలు పట్టుకునేవి. ముదిరితే మతి చలించేది. ఇది పెల్లగ్రా. నియాసిన్ అనే బి విటమిన్ లోపంతో వస్తుంది. ఇతర దేశాల్లో మొక్కజొన్న తినేవారి జబ్బుగా పేరుపడింది. దక్కను పల్లెల్లో మాత్రం మూడు పూటలా జొన్నతోనే పొట్ట నింపుకొనేవారికి సోకింది. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ నియాసిన్ తయారీకి అడ్డుపడుతోందని సి.గోపాలన్, ఎస్.జి.శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. దీనిపై తరువాత శాస్త్రవేత్తల మధ్య భిన్నాభిప్రాయాలు వచ్చాయి. ఇంతకీ తప్పు జొన్నది కాదు. పప్పు, పాలు, కూర కొనలేక వట్టి రొట్టెతో సరిపెట్టుకోవాల్సి రావడమే అసలు బాధ.

పల్లె రోగి కంచంలోని కూడును పరీక్షించిన ఇలాంటి పరిశోధనలతోనే హైదరాబాద్‌కు పేరొచ్చింది. గోపాలన్ ఈ సంస్థకు సంచాలకులుగా ఉన్న కాలంలోనే, 1971లో తొలి ఆసియా పోషకాహార మహాసభ ఇదే నగరంలో జరిగింది. ఆ మహాసభ మళ్లీ మన దేశానికి, అదీ న్యూఢిల్లీకి, రావడానికి 2003 వరకు ఆగాల్సి వచ్చింది.

విడిపోయిన వైద్య విద్య
ఆనాడు ఉస్మానియా వైద్య కళాశాల ఈ విశ్వవిద్యాలయం కిందే ఉండేది. 1986లో విజయవాడ కేంద్రంగా ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడటంతో అటు వెళ్లింది. రాష్ట్ర విభజన తరువాత వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయ పరిధిలోకి చేరింది. పాలనకు ఇది సౌలభ్యమే కావచ్చు. కానీ రోగి పడక, ప్రయోగశాల, తరగతి గది ఒకే గొడుగు కింద ఉన్న రోజులు పోయాయి.

అయినా బంధం పూర్తిగా తెగలేదు. పోషకాహార సంస్థలో పరిశోధన చేసిన ఎందరికో డాక్టరేట్ పట్టా ఇచ్చింది ఉస్మానియానే. జీవరసాయన, జన్యుశాస్త్ర విభాగాలు ప్రాంగణంలోనే ఉన్నాయి. వంశపారంపర్య వ్యాధుల కోసం బేగంపేటలో జన్యు వ్యాధుల ఆసుపత్రిని కూడా విశ్వవిద్యాలయమే నెలకొల్పింది.