లైమ్ రీజిస్: రాళ్లు ఏరుకొనే ఊరు

ఇంగ్లండు దక్షిణ తీరాన, డార్సెట్ పడమటి అంచున లైమ్ రీజిస్ అనే చిన్న ఊరు ఉన్నది. కొండవాలున ఇండ్లు, ఏటవాలు వీధులు, అడుగున సముద్రం. పిల్లలతో సెలవులు గడుపవచ్చే కుటుంబాలకు తీరపు ఊళ్లలో సామాన్యంగా ఉండే హంగులు ఇక్కడా ఉన్నవి: ఇసుక, ఐస్‌క్రీము, పడవ షికారు. ఇందులో ఇసుక మాత్రం ఆ ఊరిది కాదు. ఫ్రాన్సు నుంచి తెప్పించి పోసినది. ఊరి సొంత ఆస్తి రాళ్లు.

ఊరికి ఇరుపక్కలా ఉన్న చరియలు సున్నపురాయి, బంకమన్ను పొరలు పొరలుగా పేరుకొని ఏర్పడినవి. సుమారు 20 కోట్ల సంవత్సరాల నాడు అది సముద్రపు అడుగు. ఆనాటి జీవులు ఆ బురదలో పూడిపోయి శిలలైనవి. చలికాలపు వానలకు మన్ను నాని చరియలు విరిగిపడతాయి. అలలు మట్టిని కడిగివేసి రాళ్లను ఒడ్డున వదలుతాయి. ఆటు వేళ ఓపికగా వంగి వెదకే పిల్లవానికి పామువలె చుట్టచుట్టుకొన్న అమ్మొనైటు ముక్క ఒకటైనా దొరకకపోదు. పూర్వం ఇంగ్లండులో పామరులు వీటిని రాళ్లైపోయిన పాములే అనుకొనేవారు. మన దేవతార్చనలో ఉంచే గండకీ సాలగ్రామాలలోని చక్రాలు కూడా ఈ జాతి జీవుల ముద్రలే. ఊరికి పడమట తీరాన మూర వెడల్పుకు మించిన అమ్మొనైట్లు బండల మీద ముగ్గులు పెట్టినట్లు పరచుకొని ఉన్నవి. వాటిని చూడవచ్చును గాని, పెకలించరాదు.

ఈ వినోదానికి టిక్కెట్టు లేదు, నియమాలు ఉన్నవి. చరియను సుత్తితో కొట్టరాదు. కింద పడి ఉన్నవే ఏరుకోవలెను. పోటు వేళ తెలుసుకొనక పోరాదు; నీటికీ చరియకూ నడుమ చిక్కుకొనే అపాయం ఉన్నది. 2008 మే నెలలో ఊరికి తూర్పున సుమారు 400 మీటర్ల మేర తీరం ఒక్కసారిగా జారిపడినది. ఊరిని కాపాడుకొనడానికి గోడలు కట్టక తప్పలేదు. కాని గోడ కట్టినచోట శిలాజం దొరకదు. ఆ ఊరి చిక్కంతా ఇందులోనే ఉన్నది.

రాతితో కట్టిన పాత అలకట్ట ‘కాబ్’ మీద నడవడం మరొక వేడుక. దానికి పిట్టగోడ లేదు, పైభాగం ఏటవాలు. చిన్నవాళ్ల చేయి విడువరాదు. గోడలో నుంచి పొడుచుకొని వచ్చిన రాతిమెట్లను అక్కడివారు ‘బామ్మ పళ్లు’ అంటారు. 1804లో ఈ ఊరు చూచిన జేన్ ఆస్టిన్ తన ‘పర్సుయేషన్’ నవలలో ఒక పడుచును ఈ కట్ట మెట్లపై నుంచే పడవేసినది.

ఇవన్నీ ఎట్లున్నా, బడిపిల్లలు ఇక్కడ తప్పక తెలుసుకోవలసినది మేరీ ఆనింగ్ కథ. 1799లో ఒక వడ్రంగి ఇంట పుట్టినది. 1810లో తండ్రి అప్పులు మిగిల్చి పోయినాడు. చరియల కింద రాళ్లేరి, వచ్చిపోయే షికారు జనానికి అమ్మడమే ఆ ఇంటికి బత్తెం. 1811లో ఆమె అన్నకు ఒక వింత పుర్రె కనిపించినది. మరుసటి ఏడు మిగిలిన కళేబరాన్ని మేరీ బయటికి తీయించినది. అది ఇక్తియోసార్, చేప ఆకారపు సముద్ర సరీసృపం. 1823లో ఆమె ప్లీసియోసార్ సంపూర్ణ కంకాళాన్ని వెలికి తీసినది. అంత పొడవు మెడ ఉండునా అని పారిస్ పండితుడు క్యూవియే శంకించి, పిదప నిజమని ఒప్పుకొన్నాడు. మరుసటి ఏడు లండను భూగర్భశాస్త్ర సంఘంలో దానిపై చదివిన వ్యాసంలో ఆమె పేరైనా లేదు. ఎముకలు ఆమెవి, కీర్తి కొన్నవారిది! 1833లో జారిపడిన చరియ ఆమె కుక్కను ఆమె కళ్లెదుటనే పొట్టన పెట్టుకొన్నది. అయినా ఆమె ఆ పని మానలేదు. 1847లో మరణించినది. ఆ సంఘం స్త్రీలను సభ్యులుగా చేర్చుకొన్నది 1919లో.

ఆమె పుట్టిన ఇంటి స్థలంలోనే 1901లో కట్టిన మ్యూజియం ఉన్నది. విగ్రహం మాత్రం చాలాకాలం లేదు. ఎందుకు లేదని ఒక బడిపిల్ల తల్లిని అడిగినది. తల్లీకూతుళ్లు కలిసి చందాలు పోగుచేసినారు. 2022 మే 21న, మేరీ పుట్టిన నాడే, సుత్తి చేతబట్టి కుక్కతో నడచిపోతున్న కంచు విగ్రహం సముద్రం ఒడ్డున వెలసినది. నడుస్తున్నట్లు మలచడం నాకు నచ్చినది. ఆమె పీఠమెక్కి నిలిచిన మనిషి కాదు గదా.

మ్యూజియం వారు పిల్లలను తీరానికి తీసికొనిపోయి, ఉత్త రాయి ఏదో శిలాజం ఏదో పోల్చుకోవడం నేర్పుతారు. దీనికి రుసుము ఉన్నది. ఆటుపోట్లను బట్టి బయలుదేరే వేళ మారుతుంది గనుక ముందుగా విచారించుకొని పోవలెను. కాళ్లకు గట్టి బూట్లు ఉండవలెను.