జెట్టు వేషం కట్టిన పంకా

నా బల్ల మీదున్న ఈ ఫ్యాన్‌కి ఇది మూడో జన్మ. మొదటి జన్మలో ఒక మిత్రుడు డబ్బు పోసి కొన్న రెడీమేడ్ జెట్టు బొమ్మలో ఉండేది. ఆ బొమ్మ నాలుగోసారి ఎగిరినప్పుడు, అంత పెద్ద మైదానంలో ఉన్న ఒకే ఒక్క తుమ్మచెట్టుని వెతుక్కుంటూ వెళ్లి గుద్దుకుంది. "నువ్వే ఉంచుకోరా, మా ఆవిడ చూస్తే ఎంతకి కొన్నావని అడుగుతుంది" అంటూ ఫ్యాను, మోటారు, రెక్కల పలకల్ని కదిపే రెండు సర్వోలు ప్లాస్టిక్ కవర్లో వేసి నా చేతిలో పెట్టాడు. రెండో జన్మ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అట్టముక్కలతో నేను చేసిన ఆ విమానం నేల విడవనే లేదు.

చూడ్డానికి కాఫీ గ్లాసు మూతంత ప్లాస్టిక్ గొట్టం. వ్యాసం 64 మిల్లీమీటర్లు. లోపల అయిదు బ్లేడ్ల చక్రం, దాని వెనక బొటనవేలంత మోటారు, మోటారుని మోస్తూ కదలని నాలుగు పలకలు. బ్లేడ్లు మెలితిప్పి వదిలిన గాలిని ఆ పలకలు మళ్లీ నిటారు చేస్తాయి. మొత్తం బరువు 90 గ్రాములు. కరెంటిస్తే నిమిషానికి 33,000 చుట్లు తిరుగుతుంది. విమానాల బొమ్మలు చేసుకునేవాళ్లు దీన్ని ఈడీఎఫ్ అంటారు, ఎలక్ట్రిక్ డక్టెడ్ ఫ్యాన్ అని.

అసలు జెట్ ఇంజన్ గాలిని పీల్చి, అదిమి, అందులో కిరోసిన్ చల్లి మండించి, ఆ వేడి వాయువుని వెనక్కి తన్నుతుంది. ఇందులో మంటా లేదు, కిరోసినూ లేదు. వెనక చెయ్యి పెడితే తగిలేది గాలే, మహా అయితే కాస్త గోరువెచ్చన. జెట్టు వేషం కట్టిన పంకా ఇది. పగటివేషగాడికి కిరీటం అట్టదే అయినా నడకలో రాజసం ఉండాలి కదా, అలాగన్నమాట.

ఈ వేషం మొదట బొమ్మల కోసం పుట్టలేదు. ఇటలీలో లూయిజీ స్టీపా అనే ఇంజనీరు, గొట్టంలో ప్రొపెల్లర్ పెడితే అదే ఇంజన్ ఇంకా బాగా పనిచేస్తుందని నమ్మి, కాప్రోనీ కంపెనీ చేత ఒక విమానం కట్టించాడు. 1932 అక్టోబర్ 7న అది ఎగిరింది. ఫొటో చూస్తే నవ్వాగదు. రెండువైపులా తెరిచిన పీపాకి రెక్కలు అతికించి, పైన ఇద్దరు కూర్చోడానికి మూపురం కట్టినట్టు ఉంటుంది. పీపా మధ్యలో 120 హార్స్‌పవర్ ఇంజను, దాని ముందు ప్రొపెల్లరు. నెమ్మదిగా దిగేది, కుదురుగా ఎగిరేది, చప్పుడు తక్కువ. కానీ అంత లావు పీపా గాలికి అడ్డుపడటంతో గొట్టం తెచ్చిన లాభమంతా అక్కడికక్కడే హరించుకుపోయింది. గరిష్ఠ వేగం గంటకి 131 కిలోమీటర్లు. మామూలు విమానాల కంటే గొప్పేం కాదు. 1992లో చనిపోయేదాకా స్టీపా, తన ఆలోచనని జర్మన్లు వాడుకుని తనకి పేరు దక్కనివ్వలేదని కుమిలిపోయాడు. 2001లో ఆస్ట్రేలియాలో ఆ పీపాని అయిదింట మూడు వంతుల కొలతతో మళ్లీ కట్టారు. అది కూడా ఎగిరింది.

స్టీపా లెక్క తప్పు కాదు. గొట్టం ముందు అంచుని గారెలా గుండ్రంగా తీర్చితే, చుట్టుపక్కల గాలి ఆ వంపు మీదుగా పరుగెత్తి లోపలికి వస్తుంది. పరుగెత్తే గాలిలో పీడనం తగ్గుతుంది కాబట్టి అంచు ముందుకి లాగబడుతుంది. విమానం కదలకుండా ఉన్నప్పుడు, గొట్టం చివర ఫ్యాన్ అంతే వెడల్పుగా ఉంటే, పుట్టే తోపులో సరిగ్గా సగం బ్లేడ్లది, మిగతా సగం ఆ అంచుది. కదలని, తిరగని ఒట్టి ప్లాస్టిక్ వలయం సగం బరువు లాగేస్తుంది. మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు నమ్మబుద్ధి కాక మళ్లీ వేశాను.

అయినా ఇది దుబారా యంత్రమే. ఎక్కువ గాలిని మెల్లిగా తోసినా, తక్కువ గాలిని గట్టిగా తోసినా తోపు ఒకటే రావచ్చు, కానీ ఖర్చు ఒకటి కాదు. తోపు గాలి వేగంతో పెరిగితే, దానికి పెట్టే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. నాకు కావాల్సింది 500 గ్రాముల తోపు. 20 సెంటీమీటర్ల మామూలు ప్రొపెల్లర్‌కి ఏ నష్టాలూ లేని కాగితం లెక్కలో 40 వాట్లు చాలు. ఈ గొట్టం ఫ్యాన్‌కి అదే కాగితం మీద దాదాపు 100 వాట్లు కావాలి. గాలి పోయే సందు 26 చదరపు సెంటీమీటర్లే కాబట్టి అది గంటకి 140 కిలోమీటర్ల వేగంతో బయటికి దూకాలి మరి. నష్టాలన్నీ కలుపుకుని నా ఫ్యాను బ్యాటరీ నుంచి లాగేది 220 వాట్లు.

మరెందుకీ తిప్పలు? మిగ్ విమానం మూతికి ప్రొపెల్లర్ కడితే ఆంజనేయస్వామి వేషంవాడు నల్లకళ్లద్దాలు పెట్టుకున్నట్టుంటుంది. అదొకటి. రెండోది చప్పుడు. సెకనుకి 550 చుట్లు, అయిదు బ్లేడ్లు, అంటే 2,750 హెర్ట్‌జ్ ఈల. మనిషి చెవి అన్నిటికంటే చురుగ్గా వినే స్థాయి అది. పొలంలో పనిచేసుకునేవాళ్లు తలెత్తి చూస్తారు. ఆ చూపు కోసమే ఇదంతా అంటే నేను కాదనను.

బొమ్మ జెట్లకి విద్యుత్తు రాకముందు గొట్టంలో ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్లు తిరిగేవి. చెవులు చిల్లులు పడే మోత, ధర కూడా అలాగే. బ్యాటరీతో జెట్టు ఎగరడానికి మూడు వస్తువులు కుదరాలి: బలమైన అయస్కాంతం, తేలికైన బ్యాటరీ, బ్రష్షుల రాపిడి లేని మోటారు. ఈ మూడింట్లో ఏదీ బొమ్మల వాళ్ల కోసం తయారు కాలేదు. నాకు ఈ యంత్రం మీద ఇంత ఇష్టం అందుకే. దీని ఒంటి మీద ప్రతి నగా అరువే.

1978లో జైర్ (ఇప్పటి కాంగో) దేశంలోని గనుల ప్రాంతంలోకి తిరుగుబాటుదారులు చొరబడి కోబాల్ట్ ధర ఆకాశానికి పోయింది. గట్టి అయస్కాంతాలకి అప్పట్లో కోబాల్టే ఆధారం. అది లేకుండా చేయాలని వెతికి 1983లో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ విడివిడిగా నియోడిమియం అయస్కాంతాన్ని వెల్లడించారు. వాళ్ల కళ్ల ముందున్నవి హార్డ్‌డిస్కులు, కార్లు. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకానికి తెచ్చింది వీడియో కెమెరాల కోసం. దాని తమ్ముడు లిథియం పాలిమర్‌ని సెల్‌ఫోన్లు పెంచి పెద్ద చేశాయి. ఇక మోటారు సంగతి. 2000 తర్వాత పాత సీడీ డ్రైవులు కుప్పలుగా పడి ఉండేవి. డిస్కుని తిప్పే మోటారులో బ్రష్షులుండవు. తీగచుట్ట మధ్యలో కదలకుండా ఉంటుంది, అయస్కాంతాల గిన్నె దాని చుట్టూ తిరుగుతుంది. యూరప్, అమెరికాల్లో ఔత్సాహికులు దాన్ని విప్పి, సన్నతీగ తీసేసి లావుతీగ చుట్టి, గిన్నెలో పన్నెండు నియోడిమియం ముక్కలు జిగురుతో అంటించారు. వంటింటి బల్ల మీద పుట్టిన ఆ మోటార్లు అప్పటి కొట్టు మోటార్లకి తల వంచుకునే పని పెట్టాయి.

హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్లో అలాంటి డ్రైవులు తెచ్చి నేనూ ఒకటి చుట్టాను. తొమ్మిది పళ్ల మీద తీగ చుట్టడం ఓపికకి పరీక్ష. ఒక్క పంటి మీద ఎనామిల్ గీసుకుపోతే మొత్తం వృథా. తిరిగింది, కానీ ఈ చిన్న గొట్టానికి కావాల్సిన వేగం అందుకోలేకపోయింది. చివరికి మిత్రుడిచ్చిన మోటారే గతయింది.

విమానం ఒళ్లు సంగతికొస్తే, ఎదురింటి పిన్నిగారు ఫ్రిజ్ కొన్నారు. "ఈ తెల్ల అట్టలు నీకెందుకు నాయనా" అని అడుగుతూనే మెట్ల దాకా మోసుకొచ్చారు. థర్మోకోల్‌లో నూటికి 98 పాళ్లు గాలే. ఘనమీటరు బరువు 15, 20 కిలోలకి మించదు. కోయడానికి పాత కరెంటు పొయ్యి కాయిల్ తీగని సాగదీసి, కంప్యూటర్ పవర్ సప్లై నుంచి 12 వోల్టులిచ్చాను. (గోడ ప్లగ్గులో నేరుగా పెట్టాలని ఎవరికైనా అనిపిస్తే, దయచేసి వద్దు.) ఎర్రబడకుండా వేడెక్కిన తీగ వెన్నలో కత్తిలా దిగుతుంది. రెక్కల లోపల విరిగిన గొడుగు ఫైబర్ పుల్లలు వేశాను. మొదటి రెక్కకి తొందరపడి ఫెవిక్విక్ రాస్తే కళ్లముందే గుంట పడి, ఆవిరి చిమ్మింది. రెండో దానికి ఫెవికాలే వాడాను. ఆరడానికి రెండు రోజులు.

బొమ్మగా మిగ్-21ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆ విమానాల్లోని ఎలక్ట్రానిక్ పరికరాలు తయారు చేయడానికే 1965లో మన హైదరాబాద్ బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ కర్మాగారం పెట్టారు. 1963లో మన వైమానిక దళంలో చేరిన మిగ్-21, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. పైగా ముక్కు నుంచి తోక దాకా ఒకటే గొట్టం కాబట్టి ఈడీఎఫ్‌కి అచ్చంగా సరిపోతుంది. పన్నెండో వంతు కొలతకి రెక్కల చివర నుంచి చివరకి 60 సెంటీమీటర్లు.

సరిపోతుందనుకున్నాను. కానీ మిగ్ ముక్కు రంధ్రంలో ఒక శంకువు ఉంటుంది. అది పోగా గాలికి మిగిలిన దారి 18 చదరపు సెంటీమీటర్లు. ఫ్యానుకి కనీసం 26 కావాలి. స్విచ్చి వేస్తే ఊపిరాడనివాడిలా గురకపెట్టింది. అందం చెడకుండా ఉండాలంటే ఒకటే దారి, దొంగల దారి. పొట్ట కింద ఎవరికీ కనిపించకుండా రెండు చోట్ల కన్నం వేశాను. ఈల మళ్లీ పైస్థాయికి లేచింది. వెనక గొట్టం సన్నగా, నున్నగా 55 మిల్లీమీటర్లకి దిగాలి. దానికి మా నాన్నగారి పాత ఛాతీ ఎక్స్‌రే ఫిల్ము చుట్టాను. వెలుతురుకి ఎత్తి తోకలోంచి చూస్తే పక్కటెముకలు కనిపిస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ పొద్దు పోయింది చక్రం తూకం సరిచేయడానికి. ఇరుసుకి రెండు సెంటీమీటర్ల దూరంలో ఒక్క బియ్యపుగింజ బరువు ఎక్కువైందనుకోండి. 33,000 చుట్ల వేగంలో ఆ గింజ ఇరుసుని అర కిలో బలంతో పక్కకి లాగుతుంది. ఫ్యాను మొత్తం తోపు ఎంతో అంత. అదీ సెకనుకి 550సార్లు దిశ మార్చుకుంటూ. బేరింగులు ఎన్నాళ్లుంటాయి? ఇరుసుని రెండు షేవింగ్ బ్లేడ్ల అంచుల మీద ఆనిస్తే బరువు వైపు మెల్లిగా కిందికి జారుతుంది. ఎదురువైపు, చక్రం లోపలి గిన్నెలో నెయిల్ పాలిష్ చుక్క పెట్టాలి. ఆరనివ్వాలి. మళ్లీ చూడాలి. ఎక్కడ ఆపితే అక్కడే నిలిచేదాకా పదకొండు చుక్కలు పట్టాయి.

పాత సామానుతో కుదరనిది ఒక్క బ్యాటరీ. లాప్‌టాప్ బ్యాటరీ విప్పితే వచ్చే గొట్టాలు ఒక్కొక్కటి నాలుగైదు ఆంపియర్లకి మించి ఇవ్వలేవు. నా ఫ్యాను 20 అడుగుతుంది. అడిగినంత లాగితే వోల్టేజీ కూలబడి, గొట్టాలు కాలిపోతాయి. వాటిని విమానాన్ని నడపడానికి చేతిలో పట్టుకునే రేడియోకి వాడుకుని, విమానానికి కొత్తది కొన్నాను. 11.1 వోల్టులు, 2,200 మిల్లీఆంపియర్ అవర్లు, 180 గ్రాములు. పూర్తి జోరులో ఆరున్నర నిమిషాలు. మొత్తం విమానం 570 గ్రాములు తూగింది.

శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమాన స్థావరాల మధ్య ఇరుక్కున్న ఊళ్లో ఎగరేయడానికి చోటు దొరకడం ఇంకో కథ. ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో ఎరుపు, పసుపు దాటి పచ్చరంగు వచ్చేదాకా వెళ్తే ఒక ఎండిన చెరువు దొరికింది.

ఈ రకం విమానానికి అసలు గండం మొదటి రెండు సెకన్లు. ముందు ప్రొపెల్లర్ ఉంటే దాని గాలి తోక మీద వీస్తుంది, విమానం కదలకముందే తోక మాట వింటుంది. గొట్టం ఫ్యాను గాలంతా ఎవరినీ తాకకుండా వెనక్కి పోతుంది. గంటకి 32 కిలోమీటర్ల వేగం వచ్చేదాకా నా చేతిలో రేడియో ఉత్త అలంకారం. నేను విసిరితే ఆ వేగం అంతంత మాత్రం. అందుకని సైకిల్ ట్యూబు చీలికలు కట్టి వడిసెల రాయిలా వదిలాం.

మొదటిసారి ముక్కెత్తి, నిలబడి, పక్కకి ఒరిగి చెరువు మట్టిలో కూర్చుంది. బరువు మధ్యబిందువు సెంటీమీటరు వెనక ఉంది. బ్యాటరీని ముందుకి జరిపి మళ్లీ వదిలాం. ఈసారి పోయింది. ఈల సాగి, ఎత్తు తగ్గకుండా చెరువు కట్ట మీదుగా తిరిగింది. గొర్రెలు కాసే పెద్దాయన చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఏ వూరి విమానం బాబూ?" అన్నాడు. ఫ్రిజ్‌దని చెప్పాను.

నాలుగు నిమిషాలు ఎగిరి దిగింది. ఆ సాయంత్రం అయిదోసారి, ఇంకొక్క చుట్టు అనుకుంటూ ఉండగా బ్యాటరీ అడుగంటి మోటారు ఆగిపోయింది. అంత చిన్న రెక్కలతో జారుతూ రావడమంటే విసిరిన చాటలా రావడమే. కట్ట రాళ్ల మీద ముక్కు నుంచి కాక్‌పిట్ దాకా నుగ్గునుగ్గయింది. ఎక్స్‌రే చెక్కుచెదరలేదు. ఫ్యానులో మట్టి కడిగి చూస్తే ఒక బ్లేడు చివర గోటి గాటంత పోయింది. మిగతా నాలుగింటినీ అంతే మేరకు అరగదీశాను. ఇప్పుడు ఇరుసు మళ్లీ షేవింగ్ బ్లేడ్ల మీద ఉంది. మూడు చుక్కలు పెట్టాను, ఇంకా ఎడమకే జారుతోంది.

పై అంతస్తు వాళ్లు వాషింగ్ మెషీన్ కొంటున్నారట.