యంత్రానికీ మూడు రకాల తెలివి



వేడి మూకుడు తగిలితే చెయ్యి చటుక్కున లాక్కుంటాం. అక్కడ ఆలోచన లేదు. పులుసులో ఉప్పు చేతి అంచనాతో వేస్తాం. అది అనుభవం. ఇంట్లో పెళ్లి పెట్టుకుంటే మాత్రం ఇలా చేస్తే ఏమవుతుంది, అలా చేస్తే ఏమవుతుంది అని ముందూ వెనకా చూసుకుంటాం. అది వెతుకులాట. కంప్యూటరుకు నేర్పే కృత్రిమ మేధలోనూ ఈ మూడూ ఉన్నాయంటే ఆశ్చర్యంగా ఉంటుంది కదూ!

అంత వేగమైన యంత్రానికి వెతుకులాట ఒక్కటీ చాలదా అని అడగవచ్చు. 1997లో న్యూయార్కులో చదరంగం విజేత కాస్పరోవ్‌ను ఓడించిన డీప్ బ్లూ సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులు పరిశీలించేది. కాని నల్లరాళ్లూ తెల్లరాళ్లూ పెట్టి ఆడే గో అనే ఆటలో ఆ పద్ధతి సాగదు. చదరంగంలో మొదటి ఎత్తుకు 20 దారులుంటే, గో పలకమీద 361! ప్రతి దారినీ చివరిదాకా చూడాలంటే ఏ యంత్రానికీ తరం కాదు.

అందుకని ఆల్ఫాగో అనే యంత్రంలో మూడింటినీ కలిపారు. పలక చూడగానే, ఫలానా కొద్ది చోట్లే పనికొస్తాయని చెప్పేది చురుకు. మనుషుల ఆటల్లోని సుమారు 3 కోట్ల స్థితులు చూసి అలవరచుకున్నది అది. ఆట ఎవరివైపు మొగ్గుతోందో చెప్పేది అంచనా. ఈ రెండూ చూపిన దారుల్లోనే ముందుకు వెళ్లి చూసేది వెతుకులాట.

2016 మార్చిలో సియోల్‌లో ఆల్ఫాగో, లీ సెడోల్ తలపడ్డారు. రెండో ఆటలో 37వ ఎత్తు దగ్గర, ఇక్కడ మనిషి ఆడే అవకాశం పదివేలలో ఒకటి అంది చురుకు. వెతుకులాట మాత్రం ముందుకు వెళ్లి చూసి, బాగానే ఉందంది. యంత్రం అక్కడే ఆడింది, ఆట గెలిచింది.

నాలుగో ఆటలో కథ తిరగబడింది. లీ వేసిన 78వ ఎత్తును, ఇది ఎవరు ఆడతారులే అన్నట్టు యంత్రం ముందే పక్కన పెట్టేసింది. సరిగా వెతకని ఆ దారిలోనే దెబ్బ తిని ఓడింది. మొత్తం మీద 4-1తో గెలుపు దానిదే అనుకోండి.

చురుకు లేకపోతే పని తెమలదు. దాన్నే నమ్ముకుంటే ఒక్కోసారి అసలైనదే కంటపడదు. పసివాడి జ్వరం మామూలేలే అని మనసుకు తోచినా, అర్ధరాత్రి లేచి ఇంకోసారి ఒళ్లు తాకి చూస్తామే, ఆ రెండో చూపే యంత్రానికీ కావలసింది.